190 గ్రాముల షూ, నల్లబడిన గోరు

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 37 ఏళ్ళు. తిరుపతిలో ఉంటాను, చంద్రగిరి వైపు ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఏడాదిన్నరగా పరిగెత్తుతున్నాను. వారంలో మూడు రోజులు యూనివర్సిటీ గ్రౌండ్‌లో మట్టి మీద, ఆదివారం అలిపిరి నుంచి జూపార్కు రోడ్డు వైపు. అన్నీ కలిపి వారానికి 30 కిలోమీటర్లు. 10 కిలోమీటర్లకు 70 నిమిషాలు పడుతుంది. జనవరిలో మొదటిసారి హాఫ్ మారథాన్ పరిగెత్తాలని ఉంది. నా పాత షూ 260 గ్రాములు, డ్రాప్ (మడమ కింది మందానికీ వేళ్ళ కింది మందానికీ తేడా) 10 మిల్లీమీటర్లు. తేలికగా ఉంటే వేగం వస్తుందని తోటివాళ్ళు చెబితే నెలన్నర కిందట 190 గ్రాముల షూ కొన్నాను, యూకే 6, డ్రాప్ 4. మొదటి వారం గాల్లో తేలినట్టు ఉండింది. ఇప్పుడు కుడికాలు బొటనవేలి గోరు నల్లబడింది, చిటికెన వేలి పక్కన బొబ్బలు, పొద్దున లేస్తే రెండు పిక్కలూ పట్టేస్తున్నాయి. మా అత్తగారు పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోమంటున్నారు. నెలకోసారి అలిపిరి మెట్లు చెప్పుల్లేకుండానే ఎక్కే నాకు పలచని షూ ఎందుకు పడలేదు? ఇప్పుడు నైకీ పెగాసస్, ఆసిక్స్ నోవాబ్లాస్ట్, సాకనీ కిన్వారా, ఈ మూడింట్లో ఏది తేలిక, ఏది కొనాలి? ఒక మాట, చిన్నప్పుడు ఊర్లో వట్టికాళ్ళతో తిరిగిన పాదాలు, కొంచెం వెడల్పు.
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

సమాధానం:

టీచరమ్మా, ఉత్తరమంతా బరువు గురించి రాసి, పాదం వెడల్పు సంగతి చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నాకు కావలసింది ఆ చివరి ముక్కే. మీ బొబ్బల కారణం అందులోనే ఉంది, గోరు నల్లబడడంలోనూ దానికి వాటా ఉంది. పిక్కల సంగతి వేరు, దానికీ వస్తాను.

ముందు బరువు లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే మీ మనసు అక్కడే చిక్కుకుంది. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని ప్రయోగాల్లో పదేపదే తేలింది. కాబట్టి తేలిక షూ వల్ల లాభం నిజమే. మీ పాత షూకీ కొత్త షూకీ తేడా 70 గ్రాములు, అంటే 0.7 శాతం. మీ 70 నిమిషాల పరుగులో ఆ మిగిలిన శక్తంతా వేగంగానే మారిందని అనుకున్నా అర నిమిషం మిగులుతుంది. అంతే. బొబ్బ మండి ఒకసారి ఆగి లేసు విప్పి కట్టుకుంటే ఆ అర నిమిషం పోతుంది. పిక్క పట్టేసి వారంలో ఒకరోజు పరుగు మానేస్తే, జనవరికి మీరు కూడబెట్టుకోవలసిన బలంలో నాలుగో వంతు పోతుంది.

పైగా ఆ బరువు ఎక్కడ తగ్గించారో కూడా చూడాలి. షూలో బరువుండేది మూడు చోట్ల: కింద రబ్బరు, మధ్యలో నురుగు, పైన గుడ్డ. తేలిక చేయాలంటే రబ్బరు తీసేసి నురుగునే నేలకు ఆనిస్తారు, లేదంటే నురుగు పలచన చేస్తారు, లేదంటే మడమ చుట్టూ మెత్త తీసేస్తారు. కొన్ని షూలలో నురుగు రకమే మార్చి బరువు తగ్గిస్తారు, ఖరీదు పెరిగేది అక్కడే. మామూలు షూలలో వాడేది ఈవీఏ. పందేల షూలలో పెబా అనే రకం నురుగు వాడతారు, అది తేలిక, తొక్కితే ఎక్కువ శక్తిని తిరిగి ఇస్తుంది. 2023లో అడిడాస్ అడియోస్ ప్రో ఈవో 1 అనే షూ తెచ్చింది, 138 గ్రాములు. అదే ఏడాది బెర్లిన్‌లో ఇథియోపియా అమ్మాయి టిగిస్ట్ అసెఫా దాన్ని వేసుకుని మారథాన్‌ను 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో ముగించి ఆడవాళ్ళలో అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది. ఆ షూ ధర అప్పట్లో 500 డాలర్లు. ఒక పందెం, దానికి ముందు కాళ్ళకు అలవాటయ్యేంత పరుగు, అంతవరకే దాని ఆయుష్షని కంపెనీయే చెప్పింది. తేలికకు అసలు ఖరీదు అది. మనం నెలకు 120 కిలోమీటర్లు మట్టి మీదా గరుకు తారు మీదా అరగదీసే మనుషులం.

ఇక అలిపిరి మెట్లు. ఈ ప్రశ్న వేసినందుకు మీరంటే గౌరవం పెరిగింది, చాలామందికి ఈ సందేహమే రాదు. 3550 మెట్లు వట్టికాళ్ళతో ఎక్కే మనిషికి పలచని షూ ఎందుకు పడదు? మెట్టు ఎక్కేటప్పుడు పాదాన్ని మెల్లగా ఆనించి, తొడ బలంతో ఒంటిని పైకి లేపుతారు. ఏదో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో అట్లా కాదు, రెండు కాళ్ళూ గాల్లోకి లేచి, ఒక కాలి మీద దిగుతారు. దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడింతల దెబ్బ ఆ కాలి మీద పడుతుంది. నిమిషానికి 165 అడుగుల లెక్కన మీ 70 నిమిషాల్లో పదకొండున్నర వేల అడుగులు, అంటే ఒక్కో కాలికి అయిదు వేల ఏడువందల పైమాటే. మెట్ల మీద అలసిపోయేది తొడలు, పరుగులో దెబ్బ తినేది పిక్కలు. మెట్లు మీకు ఓపికనిచ్చాయి, పిక్కలకు కావలసిన తర్ఫీదు మాత్రం వాటివల్ల రాదు. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా పరుగు వీరుడు అబెబె బికిలా వట్టికాళ్ళతో గెలిచాడు, నిజమే. ఏళ్ళ తరబడి అట్లా పరిగెత్తి అలవాటైన కాళ్ళు ఆయనవి. ఆయనే 1964లో టోక్యోలో షూ వేసుకుని, మరింత వేగంగా, మళ్ళీ గెలిచాడు.

ఇప్పుడు డ్రాప్. మడమ కింద ఉన్న మందంలోంచి వేళ్ళ కింద మందం తీసేస్తే వచ్చేది డ్రాప్. మీ పాత షూలో మడమ 10 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండేది, కొత్తదాంట్లో 4. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మడమ అంత కిందికి దిగితే పిక్క కండా, మడమ నరమూ ప్రతి అడుగుకూ ఆ మేరకు ఎక్కువ సాగాలి. ఒక్కో కాలు ఆదివారం ఒక్క పూటలోనే అయిదు వేలకు పైగా సార్లు సాగితే తెల్లారి పట్టేయక ఏం చేస్తుంది? తప్పు షూది కాదు, మీదీ కాదు. తక్కువ డ్రాప్ షూకి వారానికి ఒకటి రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి రెండు మూడు నెలలు అలవాటు చేయాలని అమ్మినవాళ్ళు చెప్పి ఉండాల్సింది.

అత్తగారి మాట కొట్టిపారేయడం లేదు. ఎముక విరిగినప్పుడు ఎక్కడెక్కడి జనమో పుత్తూరు దారి పడతారు, మా ఇంట్లోనూ పోయినవాళ్ళున్నారు. కానీ మీది ఎముక సంగతి కాదు, అలసిన కండ. దానికి కట్టు కడితే ఇంకా బిగుసుకుంటుంది. రెండు వారాలు పాత షూతో, సగం దూరం, మట్టి మీదే. నొప్పి తగ్గాక మెట్టు అంచున ముందరి పాదం ఆనించి మడమలు మెల్లగా పైకి లేపి మెల్లగా దించండి, రోజుకు మూడు విడతలు, విడతకు పదిహేను. మడమ ఎముకకు పైన, నరం దగ్గర నొక్కితే నొప్పి ఉంటేనో, ఒక కాలి పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటేనో మాత్రం ఆగకుండా డాక్టర్ని కలవండి.

అసలు విషయానికి వస్తాను, వెడల్పు.

నేను కొత్తగా పరుగు మొదలుపెట్టిన రోజుల్లో ఒక షాపులో షూ కొన్నాను. వేళ్ళ దగ్గర బిగుతుగా ఉందంటే "వాడితే సాగుతుంది సార్, మొదట్లో ఏ చెప్పైనా కరుస్తుంది" అన్నాడు. నమ్మాను. తోలు చెప్పు విషయంలో ఆ మాట నిజం. తోలు చెమటకు తడిసి పాదం ఆకారానికి సాగుతుంది, మన పెద్దవాళ్ళు కొత్త చెప్పుకు ఆముదం రాసి మెత్తబరచేది అందుకే. ఇప్పటి పరుగు షూ పైన ఉండేది తోలు కాదు, ప్లాస్టిక్ నూలుతో అల్లిన జాలీ. అది సాగితే పాదం పక్కకు జారుతుందని, సాగకుండా ఉండేలాగే అల్లుతారు. మొదటి రోజు కరిచిన షూ నూరో రోజూ కరుస్తుంది. ఆ షూతోనే చెన్నైలో 21 కిలోమీటర్లు పరిగెత్తి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ పోగొట్టుకున్నాను. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదంతా కాలు చూసుకున్నప్పుడల్లా షాపులో నా కాలు చెప్పిన మాట వినకుండా అమ్మేవాడి మాట విన్నానే అని బాధపడ్డాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

చిన్నప్పుడు వట్టికాళ్ళతో తిరిగినవాళ్ళ వేళ్ళు విసనకర్ర మాదిరి విచ్చుకుని ఉంటాయి. అది లోపం కాదు, పాదం ఉండాల్సిన తీరే అది. అయితే ఆడవాళ్ళ షూలను కంపెనీలు మామూలుగా బి అనే వెడల్పుతో చేస్తాయి, మగవాళ్ళవి డి. ఆడవాళ్ళలో వెడల్పు పాదాలకు డి, మగవాళ్ళలో 2ఈ, ఇంకా వెడల్పుకు 4ఈ. దీన్నిబట్టి మీకు ఒక దారి కనబడుతోంది చూశారా? ఆడవాళ్ళ డి మన షాపుల్లో అంత సులభంగా దొరకదు. మగవాళ్ళ మామూలు డి ఎక్కడైనా దొరుకుతుంది. పొడవు సరిచూసుకుని మగవాళ్ళ జత తీసుకోండి. రంగు నచ్చకపోవచ్చు, మడమ దగ్గర కొంచెం వదులు కావచ్చు. వదులుకు మందుంది: షూ పైఅంచున లేసు దూర్చకుండా ఒక అదనపు రంధ్రం వదిలి ఉంటారు, అది ఎందుకో చాలామందికి తెలియదు. లేసును అదే వైపు రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా చేసి, ఎదుటి లేసును ఆ ఉచ్చులోంచి లాగి ముడి వేయండి. మడమ కదలదు. అట్లాగే వేళ్ళకు దగ్గరి మొదటి జత రంధ్రాల్లో లేసును అడ్డంగా వేయకుండా పక్కల వెంబడి పైకి తీసుకుపోతే ముందు భాగం విచ్చుకుంటుంది.

పొడవు కొలిచేటప్పుడు యూకే అంకెను నమ్మకండి. నైకీ మగవాళ్ళ యూకే 8 మీద 27 సెంటీమీటర్లు అని ఉంటుంది, అడిడాస్ యూకే 8 మీద 26.5. రెండూ 8 అంకే, అర సెంటీమీటరు తేడా. మీ గోరు నల్లబడడానికి ఆ అర సెంటీమీటరు చాలు. షూ నాలుక లోపలి పట్టీ మీద సెంటీమీటర్లలో, లేదా జేపీ అనే అక్షరాల పక్కన రాసుంటుంది, అది చూడండి. ఇంట్లో సాయంత్రం పూట, బడి నుంచి వచ్చాక, పాదాలు ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే పాదం చిన్నగా కనిపిస్తుంది. రెండు కాళ్ళూ కొలవండి, ఒకటి పెద్దగా ఉంటుంది, అదే లెక్క. దానికి ఒక సెంటీమీటరు కలిపితే మీ షూ పొడవు. మన ఊరి ఎండకు పాదం ఇంకా ఉబ్బుతుంది, మే నెలలో పొద్దున్నే బయలుదేరినా తిరిగొచ్చేసరికి షూ బిగుసుకుపోవడం మీరు గమనించే ఉంటారు. బొటనవేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలన్న పాత లెక్క మన దగ్గర ఇంకా గట్టిగా పాటించాలి.

షాపులో చేయాల్సిన ఒక్క పరీక్ష చెబుతాను. షూ లోపలి మెత్తను బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. మీ చిటికెన వేలు మెత్త అంచు దాటి బయటికి పొర్లితే ఆ షూ వద్దు, రేటు సగానికి తగ్గించినా సరే. ఆ తర్వాత మీ సొంత సాక్సులతో వేసుకుని షాపు ముందు వీధిలో యాభై గజాలు పరిగెత్తండి. ఒప్పుకోని షాపులో కొనకండి.

ఇక మీ మూడు షూలు. కిన్వారా మూడింట్లోనూ తేలిక, మగవాళ్ళ సైజులో 200 గ్రాములకు అటూఇటూ. కానీ డ్రాప్ 4, మీ పిక్కల్ని పట్టించిన షూ కోవే. షూ మంచిదే, మీకు ఇప్పుడు వద్దు. వచ్చే వేసవిలో గ్రౌండ్‌లో వారానికోసారి చిన్న చిన్న వేగపు పరుగులకు అది ఎంతో బాగుంటుంది.

పెగాసస్ 1983 నుంచి వస్తోంది, మగవాళ్ళ సైజులో సుమారు 280 నుంచి 300 గ్రాములు. డ్రాప్ 10, అంటే మీ పాత షూ కొలతే, మీ పిక్కలకు కొత్త పాఠం నేర్పే పని లేదు. కింద రబ్బరు నిండుగా ఉంటుంది, గరుకు తారుకు నిలుస్తుంది. మామూలు రకం ముందు భాగం కొంచెం ఇరుకే, వెడల్పు రకం వేరుగా వస్తుంది. మీకు అదే కావాలి.

నోవాబ్లాస్ట్ సుమారు 255, 260 గ్రాములు, డ్రాప్ 8. నురుగు చాలా మందం, మడమ కింద 40 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. రోడ్డు మీద రెండు గంటల పైన పరిగెత్తేవాళ్ళకు అది వరం, 15వ కిలోమీటరు తర్వాత అరికాలు మీకు దణ్ణం పెడుతుంది. ఎగుడుదిగుడు నేల మీద అంత ఎత్తు మెత్తటి నురుగు పక్కకు ఒరుగుతుంది, చీలమండ మెలిపడే భయం ఉంది. గ్రౌండ్‌లో మట్టి గట్టిగా, చదునుగా ఉన్న చోట పరవాలేదు, వాన పడి గుంతలు తేలిన రోజు వద్దు.

నా తీర్పు అడిగితే, మెత్త పరీక్షలో నెగ్గితే నోవాబ్లాస్ట్, ఆదివారం దూరానికీ జనవరి పందేనికీ. నెగ్గకపోతే వెడల్పు పెగాసస్, ఆలోచించకుండా. రెండింటికీ మధ్య ఉన్న ఇరవై నుంచి నలభై అయిదు గ్రాములు మీ 10 కిలోమీటర్ల పరుగులో పది ఇరవై సెకన్ల మాట, దానికోసం వేళ్ళను ఇరికించకండి. పోయిన ఏడాది రకం తీసుకోండి, కొత్తది రాగానే పాతదాని ధర బాగా దిగుతుంది, మన పరుగుకు ఆ తేడా కనబడదు. పాత షూ పారేయకుండా మట్టి రోజులకు ఉంచుకోండి. రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే నురుగు మళ్ళీ పైకి లేవడానికి తీరిక దొరుకుతుంది. ఒక జత మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది, మీ లెక్కన ఒక్కటే వాడితే నాలుగు నుంచి ఆరు నెలలు. తేలిక షూలు ఇంకా ముందే చచ్చుబడతాయి. పైకి కొత్తగానే కనిపిస్తాయి, మోకాలు ముందు చెబుతుంది.

జనవరి పందేనికి తర్ఫీదంటే ఆశ్వయుజం, కార్తీకం వానల్లోనే మీ పొడుగు పరుగులన్నీ పడతాయి. 2021 నవంబర్‌లో ఈ ఊరు ఎట్లా మునిగిందో చూసినవాళ్ళం కదా. అడుగున రబ్బరు లేని షూ తడి తారు మీద, ముఖ్యంగా తెల్ల గీతల మీద, జారుతుంది. తడిసిన షూ మెత్తను తీసి, లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కూరి, నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. స్కూటీ డిక్కీలో వేసి బడి దగ్గర రోజంతా ఎండకు వదిలేయకండి, ఆ వేడికి ఈవీఏ నురుగు కుంచించుకుపోయి షూ మెల్లగా చిన్నదైపోతుంది.

కొత్త జతను మొదటి వారం మూడు కిలోమీటర్లు, రెండో వారం ఐదు, ఆ తర్వాతే ఆదివారం దూరానికి. పందెం రోజుకు అది కనీసం వంద కిలోమీటర్లు తిరిగి ఉండాలి. నల్లబడిన గోరును కోయొద్దు, పొడవొద్దు, దానంతట అది వదులయ్యేదాకా కిందున్న మెత్తటి చర్మాన్ని అదే కాపాడుతుంది. చీము పట్టినా, చుట్టూ ఎర్రబడినా డాక్టరుకు చూపించండి.

ఈ సాయంత్రమే కాగితం మీద నిలబడి గీయండి. రెండు పాదాల పొడవు, వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పు, నాలుగు అంకెలు రాసి పంపండి. ఏ సెంటీమీటరు జత అడగాలో, మగవాళ్ళదా ఆడవాళ్ళదా, తిరుగు జవాబులో చెబుతాను.